ఆఖరి చిటికెడు ఆవాలు

ముత్తియాల్‌పేటలో మునెమ్మ ఇంట పొద్దున ఏడున్నరకు తాళింపు పడుతుంది. నూనె కాగాక కొట్లో కొన్న ఆవాలు అర చెంచా, వాటితోపాటు జాడీలోంచి తీసిన పాత ఆవాలు నాలుగంటే నాలుగు గింజలు వేస్తారు. కొట్టు ఆవాలు చిటపటమంటాయి. పాత ఆవాలు మాట్లాడతాయి. ఒక వాక్యం, మహా అయితే ఒకటిన్నర. తర్వాత ఎండుమిరపకాయ, కరివేపాకు, ఇంగువ, అంతా మామూలే. కొడుకు పురుషోత్తమన్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ "ఈ పొద్దు ఏం చెప్పినాయిమా?" అంటాడు. మునెమ్మ చెబుతుంది. ఆయన టిఫిన్ డబ్బా తగిలించుకుని బండి తీస్తాడు. పక్కింటి జయమ్మాళ్ మిద్దె మీద గుడ్డలు ఆరేస్తూ, "ఏంది, మీ తాళింపు ఇయ్యాళ గొంతు బొంగురుగా ఉంది, వానొచ్చేట్టుందే" అంటుంది. ఆమెకు తెలుగు ఒక్క ముక్క రాదు. మాట్లాడేదంతా అరవమే, మీకు తెలిసేటట్టు నేను తిప్పి చెబుతున్నా. జాడీలో ఆవాలున్నన్నాళ్ళూ ఇదే వరస.

ఆవాలకు మాటలెట్లా వచ్చాయంటే అదో పెద్ద బాగోతం. కుదించి చెబుతా వినండి. మునెమ్మ అత్త అమ్మాయమ్మ నెల్లూరు పక్కనించి ఈ ఊరికి కోడలై వచ్చింది. ఈ ఇంట్లో తెలుగు మాట్లాడని వాళ్ళు లేరు, తెలుగు అక్షరం వచ్చిన వాళ్ళూ లేరు, ఆమె ఒక్కతె తప్ప. మధ్యాహ్నం పూట ఇంటివాళ్ళ మళిగ కొట్టు, అదే కిరాణా కొట్టు, మూసి మగవాళ్ళు కునుకు తీసే వేళ ఆమె ఒక నవల రాసుకుంది. నాలుగు నోటుపుస్తకాలు. ఎవరికీ చెప్పలేదు. చెబితే మాత్రం చదివేదెవరు?

ఆ రాత నడుస్తుండగానే మునెమ్మ పదిహేడేళ్ళకు ఆమెకు కోడలైంది. గొంతున్న పిల్ల. వీరాంపట్టినం తేరు పండగలో ఆమె పాడుతుంటే తేరు లాగేవాళ్ళు తాడు వదిలేసి నిలబడ్డారని చెప్పుకునేవాళ్ళు. మూడో నెలకే మొగుడు, "కొట్టుకొచ్చే వాళ్ళంతా వింటా ఉండారు, నోరు ముయ్" అన్నాడు. ఇంట్లో పాడటం మానేసింది. బావి కాడ ఎవరూ లేనప్పుడు మాత్రం కూనిరాగం తీసుకునేది.

ఒకనాడు ఆ మొగుడే, "అటక మీద పాత పుస్తకాలుండాయి, పొట్లాలకి చించు" అన్నాడు. మునెమ్మ చేతికందినవి దించింది. అక్షరం రాని పిల్లకి ఏ పుస్తకమైతేనేం? ఆవాల మూట ముందేసుకుని సాయంత్రానికి నవల మొత్తం పొట్లాలు కట్టింది. నీట్‌గా కట్టింది కూడాను, పాపం. అత్త వచ్చి చూసేసరికి ఆఖరి పొట్లం చేతిలో ఉంది. అమ్మాయమ్మ ఆ పొట్లం తీసుకుంది, అటూ ఇటూ తిప్పి చూసింది, ఒక్క మాటంది.

"పాడు."

అంతే. అన్ని పొట్లాలూ విప్పి ఆవాలు జాడీలో పోసింది. చిరిగిన కాగితాలు పొయ్యిలో పెట్టింది. ఆఖరి పొట్లంలోని ఆవాలు మాత్రం విడిగా తెల్లగుడ్డ కొసకు ముడేసి జాడీ అడుగున పడేసింది. ఆపైన కలం ముట్టలేదు. మునెమ్మతో ఆ సంగతి ఎత్తలేదు. మూడేళ్ళకు కన్నుమూసింది. పదమూడో నాడు మునెమ్మ జాడీ దించి తాళింపేస్తే ఆవాలు నవల చెప్పడం మొదలుపెట్టాయి.

పాడు అంటే ఏమనుకోవాలి? పాడు చెయ్యి, పాడు ముఖం, పాడు కాలం. ఏది కలిపి చూసుకున్నా శాపమే. మునెమ్మ అట్లాగే చూసుకుంది. బావికాడి కూనిరాగం కూడా ఆ పొద్దుతో పోయింది. తర్వాత కొట్టు మూతపడింది, మొగుడు పోయాడు, కోడలు చిన్న వయసులో జ్వరంతో పోయింది. ఒక్కొక్కదానికీ మునెమ్మ తల వంచుకుని, "అత్త నోటిమాట ఊరికే పోతాదా" అనుకుంది. అరవై నాలుగేళ్ళు అనుకుంది.

తల్లి లేని మనవరాలు అభినయను పెంచింది ఈ మునెమ్మే. అభినయకు ఇప్పుడు ఇరవయ్యారు. బడికి పోయే రోజులనుంచీ తాళింపు చెప్పిన వాక్యాలన్నీ పుస్తకంలో రాసిపెడుతోంది, అరవం లిపిలో. ఆ లిపిలో క కీ గ కీ ఒకటే అక్షరం, ప కీ బ కీ ఒకటే అక్షరం. అయినా అవ్వను అడిగి అడిగి సరిచేసుకుంది. ముందూ వెనకా పొంతన లేకుండా పడిన వాక్యాలను బొంత కుట్టినట్టు కుట్టుకుంటూ పోతే కథ తెలిసింది. ఒక చిన్నది. పేరు లేదు, ఉత్త చిన్నది. అత్తారింటికొస్తుంది. పాడుతుంది. మొగుడు నోరు మూయమంటాడు. చిన్నది గొంతు ముడుచుకుంటుంది. ఇంట్లో పాలు తోడుకోవు, దీపం నిలవదు, అత్తకు అన్నం దిగదు. ఆ తర్వాత? ఆ తర్వాతది ఆఖరి పుట. అది తెల్లగుడ్డ ముడిలో ఉంది.

"ఆ చిన్నది నువ్వే గదవ్వా?" అని అభినయ ఒకసారి అడిగింది.

"పో అమ్మీ. మొగుళ్ళు ప్రతి ఇంటా అదే మాటంటారు" అంది మునెమ్మ.

పోయిన ఆడి నెలలో, మన ఆషాఢంలో, జాడీ ఖాళీ అయింది, తాళింపు మాట ఆగింది. మునెమ్మ ముడి విప్పనివ్వలేదు. రొంటిన దోపుకుని తిరిగింది. మంచాన పడ్డాక దిండు కింద పెట్టుకుంది. "అది ఏపబాకండి. అందులో ఏముందో నాకు తెలుసు. ఒకసారి అత్త నోట విన్నా, చాలు. నేను పోయినాక మీ ఇష్టం" అంది. పెద్దాసుపత్రి డాక్టరు గుండె బలం తగ్గిపోయింది, తిండి పెట్టండి అన్నాడు. తిండా? రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కుంటుంది. తానే పోవాలనుకునే మనిషికి మందేం పని చేస్తుంది?

ఇక పాట సంగతి. అభినయ, యోగానంద్ కలిసి ఒక బ్యాండు నడుపుతున్నారు, పేరు ఉప్పుగాలి. బ్యాండంటే పది మంది అనుకునేరు, ఇద్దరే. యోగానంద్ పగలు సెల్‌ఫోన్లు రిపేరు చేస్తాడు, తీరిక దొరికితే లాప్‌టాప్‌లో, ఒక పాత సింథు కీబోర్డులో సంగీతం కడతాడు. అభినయ పాడుతుంది. తేంగాయితిట్టు రేవులో చేపల వేలంపాట, పడవ మోటారు, ఐసు పగలగొట్టే చప్పుడు, అన్నీ రికార్డు చేసి బీట్లు చేశాడు. ఇంతవరకు మూడు పాటలు విడుదల చేశారు. విన్నవాళ్ళు పెళ్ళి పందిట్లో ఒక బంతికి సరిపోరు.

ఇప్పుడు బెంగళూరులో ఒక చిన్న కంపెనీ, కథల్లోంచి నవలల్లోంచి పుట్టిన పాటలు కొన్ని ఒకచోట చేర్చి విడుదల చేస్తామంది. ఒక్కో బ్యాండుకు ఒక్కో సింగిల్, అంటే ఒక్క పాట. శుక్రవారం సాయంత్రం ఆరింటికల్లా పంపాలి. అభినయ తన జేజి, అంటే ముత్తవ్వ అమ్మాయమ్మ, నవల మీద పాట కట్టింది. పల్లవి కుదిరింది, రెండు చరణాలు కుదిరాయి. మూడోది లేదు. ఆ చిన్నది ఏమైందో తెలిస్తే గదా!

"నువ్వే ఏదో ఒకటి రాసెయ్, అభీ. చచ్చిందనో, పారిపోయిందనో" అన్నాడు యోగానంద్.

"జేజి రాసిందానికి నేను తోక తగిలించాల్నా? ఇంట్లో ఒకసారి చించినాం, చాలదా?"

"సరే. నాకు శ్రీపెరంబుదూర్లో పని దొరికింది, సోమవారం చేరమన్నారు. ఈ పాట బయటికొస్తే పోను. రాకపోతే ఆదివారం బస్సెక్కతా. నన్ను తిట్టబాక. బ్యాండు పెట్టి ఆరేండ్లయింది, ఇంట్లో మొగం చూపించలేకుండా ఉండా."

అభినయ తిట్టలేదు. అతను పోతే బ్యాండు లేదు, బ్యాండు లేకపోతే తను ఏమిటో తనకే తెలియదు. ఇంట్లో చూస్తే అవ్వ రోజురోజుకూ దీపంలా సన్నబడుతోంది. ఆ పిల్లకు బుద్ధి పనిచెయ్యడం మానేసింది. లేకపోతే అంత పని చేస్తుందా?

గురువారం పదిగంటలకు పురుషోత్తమన్ సెలవు పెట్టి తల్లిని ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఆటో మలుపు తిరిగిందో లేదో, అభినయ దిండు ఎత్తింది. తెల్లగుడ్డ పసుపురంగుకు తిరిగి ఉంది. ముడి గట్టిపడిపోయి పళ్ళతో విప్పాల్సి వచ్చింది. లోపల ఒక్క చిటికెడు.

యోగానంద్ రెండు మైకులు పెట్టాడు, ఒకటి పొయ్యి పక్కన, ఒకటి కిటికీ కాడ. ఫ్యాను ఆపారు, ఫ్రిజ్జు తీగ పీకారు. ఒక్క చిన్న చప్పుడు కూడా తప్పిపోకూడదని ఇద్దరూ పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకున్నారు, చెవిలోకి దోమ కూడా దూరనంత బిగువుగా. నూనె కాగింది. అభినయ మనసులో జేజికి దండం పెట్టుకుని చిటికెడూ వేసేసింది.

హెడ్‌ఫోన్లలో చిటపటమంది. చిటపట, చిటపట, చిట. ఆగిపోయింది.

"ఏంది, మాటేది?" అంది అభినయ.

యోగానంద్ వెనక్కి తిప్పి వేశాడు. చిటపట. ఇంకోసారి. చిటపట. లాప్‌టాప్ తెర మీద రంగు రంగుల గీతలు పైకీ కిందికీ ఎగిరాయి, మాట మాత్రం లేదు. అప్పుడు వెలిగింది ఇద్దరికీ. ఆవాలు గాలికి చెబుతాయి, మిషనుకు చెప్పవు. చెప్పేటప్పుడేమో ఇద్దరూ చెవులు మూసుకుని కూర్చున్నారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు జేజి ఆఖరి పుట మొత్తం చదివి వెళ్ళిపోయింది, వినే నాథుడు లేకుండా.

అభినయ నేల మీద కూలబడింది. నల్లగా మాడిన ఆవాలను వేలితో తీసి చెవి దగ్గర పెట్టుకుంది. చల్లారిన ఆవాలు ఏం చెబుతాయి? "నేను గూడా చించేసినా యోగా. అవ్వ తెలీక చించింది. నేను తెలిసి చించినా" అని రెండు చేతులతో తల బాదుకుని ఏడ్చింది. యోగానంద్ చేతులు పట్టుకుని ఆపబోయి, తనూ ఏడ్చాడు.

మునెమ్మ వచ్చి దిండు కింద చెయ్యి పెట్టింది. విప్పిన గుడ్డ చేతికి తగిలింది. మనవరాలి ముఖం చూసింది, అడగాల్సిన పని లేకపోయింది.

"ఏం చెప్పినాయి?" అంది.

"తెలీదవ్వా. మేం వినలా. చెవులకి అవి పెట్టుకోనుంటిమి."

మునెమ్మ ఆ గుడ్డ మడిచి మళ్ళీ దిండు కింద పెట్టింది. ఎట్టెట్టనో తిట్టి ఉంటే ఆ పిల్ల బతికిపోయేది. "పోనీలే అమ్మీ. శాపం రెండోసారి వినే పని తప్పింది" అని గోడవైపు తిరిగి పడుకుంది. ఆ సాయంత్రం అన్నం వద్దంది. గంజి వద్దంది. పురుషోత్తమన్ కాళ్ళ దగ్గర కూర్చుని, "ఒక ముద్ద తినుమా, నీకు దండం పెడతా" అని బతిమాలాడు. వద్దంది. శుక్రవారం పొద్దున మంచినీళ్ళు కూడా వద్దంది. పురుషోత్తమన్ ఏం చెయ్యాలో తోచక, ఇంట్లో ఉంటే ఏడుపొస్తుందని పనికి పోయాడు. ఆ ఇంట్లో ఆ పొద్దు తాళింపు పడలేదు.

పదిన్నరకు జయమ్మాళ్ గిన్నెలో వడియాలు పట్టుకుని వచ్చింది. "ఏం పెరియమ్మా, ఇయ్యాళ మళ్ళీ మీ తాళింపు పలకలేదే? ఇన్నాళ్ళు ఊరుకుని నిన్ననేమో అంత పెద్దగా చెప్పింది!"

అభినయ చటుక్కున తలెత్తింది. "నువ్వు విన్నావా అత్తా?"

"వినకేం? మిద్దె మీద వడియాలు పెడతా ఉంటిని. ఎప్పుడూ ఒక వరస చెప్పేది, నిన్న గడగడా చాలా చెప్పింది. పొయ్యి కాడ ఎవరూ లేరేమో, పాపం ఒక్కతే చెప్పుకుంటా ఉంది అనుకున్నా."

"ఏం చెప్పింది?"

"నాకేం తెలుసు, మీ బాష! చెవిలో పడింది పడినట్టు చెప్పమంటే చెబుతా."

నిజమే. ఆ మనిషి చదువుకోలేదు గానీ, ఒకసారి విన్నది అక్షరం పొల్లు పోకుండా అప్పజెబుతుంది. గుళ్ళో అయ్యరు సంస్కృతం కూడా అట్లాగే పట్టుకుంది. జయమ్మాళ్ వడియాల గిన్నె కింద పెట్టి, కళ్ళు మూసుకుని, అర్థం తెలియని పాట పాడినట్టు మొదలుపెట్టింది.

"సిన్నది కొందు ముడుసుకుని కూసుంది. అత్త కడప దిగి వచ్చింది."

"కడపలో దిగిందా? కడప ఊరికి ఎందుకు పోయింది?" అన్నాడు యోగానంద్. లాప్‌టాప్ మూటగట్టుకుని పోదామని వచ్చినవాడు గుమ్మంలోనే నిలబడిపోయాడు.

గోడవైపు తిరిగి ఉన్న మునెమ్మ భుజం కదిలింది. "కడప కాదురా మొద్దూ. గడప. అత్త గడప దిగి వచ్చింది. కొందు కాదు, గొంతు." ఇటు తిరిగింది. "చెప్పు జయా. ఆపైన?"

"ఇల్లు మూక పోయింది, నాకు అన్నం దిక లేదు అంది."

"మూగబోయింది. ఇల్లు మూగబోయింది, నాకు అన్నం దిగలేదు అంది." మునెమ్మ మోచెయ్యి ఆనించి లేవబోయింది. అభినయ పట్టుకుని కూర్చోబెట్టింది. ముసలామె జయమ్మాళ్ వైపు జరిగింది. "ఇంకా?"

"వాడి మాట కాలికి పోనీ."

"గాలికి. వాడి మాట గాలికి పోనీ." మునెమ్మ రెండు చేతులూ చెవుల దాకా పోయి ఆగాయి. "తరవాత ఉండేది నాకు తెలుసు. చెప్పబాక జయా. చాలు."

జయమ్మాళ్‌కు వేగం పట్టుకుంటే ఆగదు. "ఏడవబాక తల్లీ. పాడు. అంతే, అయిపోయింది. మిగతాది తెలీదు గానీ పెరియమ్మా, చివర్న మాత్రం నాకు గూడా తెలిసిందే! పాడు అంది. పాడమని గదా?"

మునెమ్మ చేతులు ఒళ్ళో పడ్డాయి.

"ఏం, తప్పు చెప్పినానా? పాడు అంటే పాడటమే. ఇంకేముంది దానికి?" అంది జయమ్మాళ్, ముగ్గురి ముఖాలూ మార్చి మార్చి చూస్తూ. అరవంలో ఎవరినైనా పాడు అంటే పాట పాడమనే. మనకైతే పాడైపోవడమనే రెండో అర్థం ఉంది, మనసులో భయం ఉన్నప్పుడు అదే ముందు తడుతుంది.

మునెమ్మ పెదవులు ఆడుతున్నాయి. చేతిలో లేని పొట్లాన్ని పట్టుకున్నట్టు వేళ్ళు మడిచింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"ఇట్టా తిప్పింది, అమ్మీ. ఆమె కండ్లు కాయితం మీదే ఉండె. నా మొగం చూళ్ళా. నా మొగం చూళ్ళా! ఆఖరి పుట గదా, ఆఖరి మాట పైకి చదివింది. చదివిందే గాని తిట్టలా." వేళ్ళు విప్పి చూసుకుంది. "కడుపు కాలి ఉంటాది. అంత రాసుకుని అంతా పోతే కాలదా? మళ్ళీ చెప్పడానికి నోరు రాలేదేమో. నేను అడగనన్నా అడిగితినా? అరవై నాలుగేండ్లు, అమ్మీ. బావి కాడ నేను పాడేది ఆమె వింటా ఉన్నింది. నా కోసమే రాసింది. దాన్నే చించితిని."

అభినయ ఆమెను పొదువుకుంది. ఇద్దరూ బిగ్గరగా ఏడ్చారు. జయమ్మాళ్ ఏమీ అర్థం కాక, అర్థం కాకపోయినా ఊరుకోలేక, కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఆ ఏడుపు మధ్యలోనే మునెమ్మ నీళ్ళడిగింది. చెంబెడు నీళ్ళు తాగింది.

మధ్యాహ్నం మూడింటికి, నిన్నటి చిటపటను యోగానంద్ మెల్లగా మొదలుపెట్టాడు. మాట లేని ఆ చప్పుడునే బీటుగా పేర్చాడు. చిట, చిటపట, చిట. ఈసారి హెడ్‌ఫోన్లు ఎవరూ పెట్టుకోలేదు, మెడలో వేసుకున్నారు. మైకు మంచం దగ్గరకు జరిపారు. అభినయ మూడో చరణం అందుకోబోతే మునెమ్మ చెయ్యెత్తి ఆపింది.

"నాకు గదా చెప్పింది" అంది.

నోరు తెరిస్తే మొదట గాలి వచ్చింది. తర్వాత దగ్గు. తర్వాత తుప్పుపట్టిన బావి గిలక తిరిగినట్టు ఒక కీచు. మునెమ్మకు కళ్ళనీళ్ళు తిరిగాయి. "లేదు అమ్మీ. పోయింది. అంతా పోయింది" అంది. మళ్ళీ తెరిచింది. మళ్ళీ కీచే. ఎన్నిసార్లో లెక్కలేదు. నాలుగున్నరయింది. ఇంక చాలు, ముసలి ప్రాణం అలిసిపోతుంది అని యోగానంద్ మైకు తియ్యబోయాడు. అప్పుడు గిలక ఎక్కడో పట్టు వదిలింది. అడుగునుంచి చేద పైకి వచ్చినట్టు గొంతు వచ్చింది. సన్నగా, పగుళ్ళతో, పదిహేడేళ్ళ పిల్లదిలా, ఎనభై ఒక్క ఏళ్ళ ముసలిదానిలా. ఏడవబాక తల్లీ, పాడు. అదే మాట తిప్పి తిప్పి, ఒక్కోసారి ఒక్కో రాగంలో. మిద్దె మీద జయమ్మాళ్ తడి గుడ్డ చేతిలో పట్టుకుని నిలబడిపోయింది. వీధిలో బండ్లు ఒకటి రెండు ఆగాయి.

పాట పంపడానికి ఇంకో గంట ఉందనగా, అయిదింటికి పురుషోత్తమన్ ఇంటి ముందు బండి దిగాడు. పొద్దున్నుంచీ ఫోను మోగినప్పుడల్లా గుండె జారిపోయిన మనిషి. లోపలనుంచి ఎన్నడూ వినని ఆడగొంతు, వెనక చిటపట. ఖాళీ డబ్బా చేత్తో పట్టుకుని గడప మీద ఆగిపోయాడు. యాభై ఎనిమిదేళ్ళొచ్చాయి, తల్లి పాడగా ఒక్కసారి వినలేదు.

"ఎవరిదా గొంతు? జేజిదా? ఆవాలు ఇంకా మిగిలినాయా?" అన్నాడు.

మునెమ్మ పాట ఆపి కొడుకు వైపు చూసింది.

"ఆవాలు అయిపోయినాయి నాయనా" అంది. "ఇది నేనే. కాస్త అన్నం కలుపుకుని రా, ఆకలేస్తా ఉంది."